రెండు గంటల్లో ఒక ఆకాశం: వాలెన్సియెన్ పద్ధతిలో ఆరుబయట నూనెరంగుల స్కెచ్ వేయడం ఎలా

రోములో ఒక పాత మేడ. దాని పైన తెరిచిన వసారా, వసారా మీద పెంకుల కప్పు. ఇటలీ వాళ్లు అలాంటి వసారాను లాజియా అంటారు. 1780ల తొలినాళ్లలో ఒక ఫ్రెంచి చిత్రకారుడు ఆ లాజియాను చిన్న కాగితం మీద నూనెరంగులతో వేశాడు. అదే లాజియాను ఇంకో కాగితం మీద మళ్లీ వేశాడు. ఒకదాంట్లో కప్పు ఎండలో ఉంది, ఇంకోదాంట్లో నీడలో ఉంది. మేడ అదే, మారింది వెలుతురు. దేవతలు లేరు, రోమన్ వీరులు లేరు, కథ లేదు.

ఆయన పేరు పియెర్-ఆన్రి ద వాలెన్సియెన్. 1750లో తులూజ్‌లో పుట్టాడు, 1819లో పారిస్‌లో పోయాడు. పురాణకథలతో నిండిన పెద్ద ప్రకృతి దృశ్యాలకు ఆ కాలంలో ఆయన పేరున్న చిత్రకారుడు. ఈ చిన్న కాగితాలను మాత్రం ఎక్కడా ప్రదర్శనకు పెట్టలేదు. అవి ఆయన దృష్టిలో బొమ్మలు కావు, స్టూడియోలో దగ్గర పెట్టుకునే నోటు పుస్తకం లాంటివి. 1930లో వందకు పైగా కాగితాలు విరాళంగా లూవ్ర్ మ్యూజియానికి చేరాయి. ఇప్పుడు వాలెన్సియెన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి ఇవే.

పద్ధతిని ఆయన దాచుకోలేదు. దూరం పోయేకొద్దీ వస్తువులు ఎలా కనిపిస్తాయో చెప్పే విద్యను పర్‌స్పెక్టివ్ అంటారు. 1800 నాటి తన పర్‌స్పెక్టివ్ పాఠ్యగ్రంథంలో ఆరుబయట స్కెచ్ ఎలా వేయాలో విద్యార్థులకు వివరంగా రాశాడు. ఈ మార్గదర్శి దాని మీదే ఆధారపడింది. మామూలు రోజున రెండు గంటలకు మించకూడదు. సూర్యోదయమో సూర్యాస్తమయమో అయితే అరగంట. ఆకాశంతో మొదలుపెట్టాలి. అదే చోటును వేర్వేరు వేళల్లో మళ్లీ వేయాలి. వినడానికి తేలికగానే ఉంటుంది. నేను మొదటిసారి కూర్చున్నప్పుడు మూడున్నర గంటలు పట్టింది. లేచేసరికి కాగితం మీద ఉదయం నీడలూ మధ్యాహ్నం ఎండా కలిసి కూర్చున్నాయి. అలాంటి వేళ లోకంలో ఎక్కడా ఉండదు.

నూనెరంగులు ఒకటి రెండుసార్లైనా ముట్టుకున్నవారి కోసం ఇది రాస్తున్నాను. బొమ్మ గీయడంలో గొప్ప చెయ్యి అక్కర్లేదు. టైమర్ ఉన్న ఫోను మాత్రం ఉండాలి.

ముందు కాసేపు చూడండి

లూవ్ర్ మ్యూజియం తన సేకరణల ఫొటోలను వెబ్‌సైట్‌లో అందరికీ ఉచితంగా పెట్టింది. అక్కడ వాలెన్సియెన్ పేరు కొట్టి మూడు రకాలు చూడండి. లాజియా జంట ఒకటి. ఫర్నేస్ విల్లాలో రెండు పాప్లర్ చెట్ల స్కెచ్ రెండోది. రోముకు ఆగ్నేయంగా ఉన్న ఆల్బన్ కొండల్లో రోక్కా ది పాపా అనే ఊరి దగ్గర మబ్బులను వేసిన స్కెచ్ మూడోది.

పెద్దది చేసి చూడకండి. చిన్నగానే ఉంచి, కళ్లు సగం మూసి చూడండి. వివరాలు పోయి మొత్తం నాలుగైదు ముద్దలుగా కనిపిస్తుంది: ఆకాశం ఒక ముద్ద, దూరపు కొండ ఒకటి, చెట్ల గుంపు ఒకటి, ఎండ పడ్డ గోడ ఒకటి, నీడ పడ్డ గోడ ఒకటి. ఏది అన్నిటికంటే లేత, ఏది ముదురు, మిగతావి ఏ వరుసలో వస్తాయి అన్నది కాగితం మీద అంకెలేసి రాసుకోండి. ఈ పని అయ్యాక పెద్దది చేసి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఆకులు ఒక్కొక్కటిగా లేవు, పెంకులు లెక్కపెట్టి లేవు. అయినా దూరం నుంచి చెట్టు చెట్టులాగే ఉంది, కప్పు కప్పులాగే ఉంది. ముద్దల వరుస సరిగ్గా పడితే వివరాలు లేని లోటు తెలియదు.

ఇంకో సంగతి. ఇటలీ దృశ్యాలను ఇలా కాగితం మీద పట్టుకున్నది ఈయన ఒక్కడే కాదు. వెల్ష్ చిత్రకారుడు థామస్ జోన్స్ దాదాపు అదే సమయంలో, 1782 ప్రాంతంలో, నేపుల్స్‌లో ఒక వెలిసిపోయిన గోడను 11.4 బై 16 సెంటీమీటర్ల కాగితం మీద వేశాడు. పోస్టుకార్డంత ఉంటుంది. ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. పెద్ద కాన్వాస్ లేదే అని దిగులుపడేవాళ్లు దాన్ని ఒకసారి చూడాలి.

కాగితం

కాన్వాస్ వద్దు. కాగితం తేలిక, సంచిలో పడుతుంది, పాడైతే బాధ ఉండదు. బాధ లేకపోవడమే ఇక్కడ ముఖ్యం. ఖరీదైన కాన్వాస్ ముందు కూర్చుంటే చెయ్యి బిగుసుకుపోతుంది.

అయితే ఉత్త కాగితం మీద నూనెరంగు వేయకూడదు. నూనెను కాగితం పీల్చేసుకుంటుంది. రంగు పేలవంగా తయారవుతుంది, కొన్నేళ్లకు కాగితం పసుపెక్కి పెళుసైపోతుంది. పాతరోజుల్లో జంతువుల తోలుతో, ఎముకలతో కాచిన జిగురును పూతగా వాడేవారు. మనకు అంత అవసరం లేదు. 300 జీఎస్ఎం వాటర్‌కలర్ కాగితం తీసుకుని, నలువైపులా టేపుతో అట్టకు అంటించి, ఆక్రిలిక్ గెస్సో (రంగుకు ముందు వేసే తెల్లటి పూత) పలచగా రెండు పూతలు వేయండి. మొదటి పూత అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా. పూర్తిగా ఆరాక సన్న గరుకు కాగితంతో ఒకసారి తేలిగ్గా రుద్దండి. నూనెరంగుల కోసమే తయారుచేసిన కాగితం కూడా దొరుకుతుంది. అది కొంటే ఈ పని తప్పుతుంది, డబ్బులు కాస్త ఎక్కువవుతాయి.

సైజు 20 బై 28 సెంటీమీటర్లు దాటనివ్వకండి. రెండు గంటల్లో ఆ స్థలం నిండడమే ఎక్కువ. ఒకేసారి ఆరేడు కాగితాలు పూత వేసి ఉంచుకోండి. రేపటికి కాగితం సిద్ధంగా లేదన్నంత మంచి సాకు బద్ధకానికి ఇంకోటి దొరకదు.

తెల్ల కాగితం ఎండలో కళ్లు చెదరగొడుతుంది. దాని మీద ఏ రంగు పెట్టినా ముదురుగా అనిపించి, తెలుపు ఎక్కువ కలిపేస్తాం. అందుకని గెస్సో ఆరాక పలచటి జేగురు రంగు ఒక చేయి తుడిచి పెట్టుకోవడం నా అలవాటు.

రంగులు: తొమ్మిది చాలు

వాలెన్సియెన్ చేతిలో ట్యూబులు లేవు. రంగు నింపే లోహపు ట్యూబు 1841లో వచ్చింది. ఆయన కాలంలో నూరిన రంగును పంది మూత్రాశయంతో చేసిన చిన్న తిత్తిలో పోసి, మూతి బిగించి కట్టేవారు. వాడేటప్పుడు మేకుతో పొడిచి, కావలసినంత పిండుకుని, మళ్లీ మేకునే బిరడాగా పెట్టేవారు. ఆ తిత్తులు మోసుకుంటూ రోము చుట్టూ ఉన్న కంపాన్యా మైదానంలో, కొండదారుల్లో తిరిగారు వాళ్లు. మనం పెట్టె తెరిచి ట్యూబు మూత తిప్పితే చాలు.

రంగుల సంఖ్య కూడా తక్కువే. కోబాల్ట్ బ్లూ 1802లో గాని రాలేదు. చవకైన కృత్రిమ అల్ట్రామెరైన్‌కు 1820ల చివరి దాకా ఆగాలి. ట్యూబుల్లో తయారుగా దొరికే విరిడియన్ ఆకుపచ్చ ఇంకా తర్వాతది. ఉన్నవి మట్టిరంగులు, సీసపు తెలుపు, నేపుల్స్ పసుపు, ఇంగిలీకం, ప్రష్యన్ బ్లూ, నలుపు. డబ్బుంటే రాయి నూరి తీసిన అసలు అల్ట్రామెరైన్.

మీ పెట్టెలో ఇవి ఉంచుకోండి: టైటానియం తెలుపు, నేపుల్స్ ఎల్లో, ఎల్లో ఓకర్, రా సియెన్నా, ఇండియన్ రెడ్, బర్న్‌ట్ అంబర్, ప్రష్యన్ బ్లూ, అల్ట్రామెరైన్, ఐవరీ బ్లాక్. సీసపు తెలుపు విషం, దాని జోలికి పోవద్దు. ప్రష్యన్ బ్లూతో జాగ్రత్త. ఆవగింజంత చాలు. మినపగింజంత పెట్టారంటే రంగులు కలిపే పలక మీద ఉన్నవన్నీ నీలమైపోతాయి, తర్వాత మీ చొక్కా కూడా.

ఆకుపచ్చ ట్యూబు మాత్రం ఇంట్లోనే వదిలేయండి. ఎందుకో చెట్ల దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

కుంచెలు నాలుగు: ఆకాశానికి ఒక వెడల్పాటి ఫ్లాట్ (చదునైన కొస ఉన్న కుంచె), మధ్యరకం ఫ్లాట్లు రెండు, చివర్లో వాడటానికి ఒక సన్నది. పలచన చేయడానికి వాసన తక్కువున్న మినరల్ స్పిరిట్, కాస్త అవిసె నూనె (లిన్సీడ్ ఆయిల్), పాత బట్టపేలికలు.

చోటూ వేళా

మొదటి స్కెచ్‌కు కొండలూ సరస్సులూ వెతుక్కుంటూ పోకండి. వాలెన్సియెన్ రోముకు దగ్గర్లోని నేమి సరస్సు దగ్గరికీ వెళ్లాడు, కానీ ఇంటి కప్పులు కూడా వేశాడు. మీ డాబా నుంచి కనిపించే పక్కింటి పిట్టగోడ, నీళ్ల ట్యాంకు, వెనక వేపచెట్టు చాలు. మూడు అంచెలు ఉండాలన్నది ఒక్కటే షరతు: దూరంగా ఒకటి, మధ్యలో ఒకటి, ముందు ఒకటి. పైన ఆకాశం కనీసం మూడో వంతు.

అట్టముక్కలో మీ కాగితం నిష్పత్తిలోనే చిన్న కిటికీ కత్తిరించుకుని దాంట్లోంచి చూడండి. కిటికీని కంటికి దగ్గరా దూరం జరుపుతుంటే ఎంత తీసుకోవాలో తెలుస్తుంది. మొదట్లో అందరూ ఎక్కువ తీసుకుంటారు. కుదిరింది అనిపించాక ఇంకో పావు వంతు తగ్గించండి.

మీరు నీడలో కూర్చోవాలి, కాగితమూ పలకా రెండూ నీడలోనే ఉండాలి. కాగితం మీద ఎండ పడితే ప్రతి రంగూ ఉన్నదానికంటే వెలుగుతుంది. మీరు సరిపోయింది అనుకుని ఇంట్లోకి తెస్తే బొమ్మ మసిబారినట్టు ఉంటుంది. పెద్ద గొడుగు ఉంటే సరే. రంగురంగుల గొడుగు వద్దు, దాని రంగు కాగితం మీద పడుతుంది.

వేళ దగ్గర ఒక సవరణ కావాలి. రోము 42 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ జూన్‌లో కూడా మధ్యాహ్నపు సూర్యుడు 72 డిగ్రీల ఎత్తు దాటడు. హైదరాబాద్ 17 డిగ్రీల మీద ఉంది. మే నెలలో, మళ్లీ ఆగస్టు మొదట్లో సూర్యుడు నడినెత్తికే వస్తాడు. నీడలు గోడల కిందికి దూరిపోతాయి, చూడటానికి ఏమీ మిగలదు. మన దగ్గర ఉదయం తొమ్మిదిన్నర లోపు, సాయంత్రం నాలుగు తర్వాత అని పెట్టుకోండి. సూర్యుడు మన దగ్గర నిట్టనిలువుగా దిగుతాడు కాబట్టి సంధ్య కూడా త్వరగా ముగుస్తుంది. ఆయన ఇచ్చిన అరగంటను మనం ఇరవై నిమిషాలు అనుకోవడం మేలు.

మొదటి పది నిమిషాలు: గీత

టైమర్ రెండు గంటలకు పెట్టండి. ఫోను బోర్లా పెట్టండి.

బర్న్‌ట్ అంబర్‌ను స్పిరిట్‌తో టీ నీళ్లంత పలచగా చేసి, కుంచెతో ముందు కంటిమట్టం గీత పెట్టండి. మీ కళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయో ఆ ఎత్తులో అడ్డంగా ఒక గీత. దానికి పైనున్న కప్పుల అంచులు దూరం పోయేకొద్దీ కిందికి వాలతాయి, కిందున్న గోడల అంచులు పైకి లేస్తాయి. వాలెన్సియెన్ ఈ పర్‌స్పెక్టివ్ విద్యను సముద్ర దృశ్యాలకు పేరుపడ్డ క్లోద్-జోసెఫ్ వెర్నే దగ్గర నేర్చుకున్నాడు. 1812 నుంచి పారిస్ లలితకళల కళాశాలలో ఆ పాఠమే చెప్పాడు. మనకు ఈ స్కెచ్‌కు ఆ ఒక్క సూత్రం చాలు.

తర్వాత ముద్దల హద్దులు. కిటికీలు, తలుపులు, కరెంటు తీగలు ఇప్పుడు వద్దు. నీడల అంచులు మాత్రం ఇప్పుడే గుర్తుపెట్టాలి, ఎందుకంటే అవి నిలవవు. ఆకాశంలో సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. రెండు గంటలకు 30. గోడ మీద నీడ అంచును మొదటి పది నిమిషాల్లో ఎక్కడ గీశారో ఇక అక్కడే ఉంచాలి. తర్వాత గోడ మీద అది ఎంత జరిగినా మీకు సంబంధం లేదు. నా మూడున్నర గంటల బొమ్మలో జరిగిన పొరపాటు ఇదే. నీడ జరిగినప్పుడల్లా దాని వెంటపడ్డాను.

తర్వాతి అరగంట: ఆకాశం

అందరికీ చెయ్యి ముందు చెట్టు మీదికో గోడ మీదికో పోతుంది. ఆకాశం చివర్లో మిగిలిన ఖాళీలో నింపుదాంలే అనుకుంటాం. వాలెన్సియెన్ దీన్ని పూర్తిగా తిరగేశాడు. ముందు ఆకాశం. అది దూరపు కొండలకు రంగు చెప్తుంది, కొండలు నడిమి అంచెకు చెప్తాయి, నడిమి అంచె ముందుభాగానికి చెప్తుంది.

ఎందుకో ఆలోచిస్తే తేలిగ్గానే అర్థమవుతుంది. కింద ఉన్న ప్రతి వస్తువు మీదా పడే వెలుతురు పైనుంచే వస్తోంది. నీడ పడ్డ గోడకు సూర్యుడు కనపడడు, ఆకాశం కనపడుతుంది. అందుకే శుభ్రమైన రోజున తెల్లగోడ నీడ నీలంగా ఉంటుంది, మబ్బు రోజున బూడిదగా ఉంటుంది. ఆకాశం రంగు తేల్చకుండా ఆ నీడ కలపడమంటే శ్రుతి చూసుకోకుండా పాట ఎత్తుకున్నట్టే.

ఇక పని. ఆకాశాన్ని ఒకే నీలం అనుకోవద్దు. పైభాగాన ముదురు, కిందికి వచ్చేకొద్దీ లేత, అడుగున దాదాపు పాలరంగు. అడ్డంగా కూడా మారుతుంది: సూర్యుడున్న వైపు వెచ్చగా, ఎదురువైపు చల్లగా. పలక మీద మూడు కుప్పలు కలపండి. పైదానికి అల్ట్రామెరైన్, తెలుపు, చిటికెడు ఇండియన్ రెడ్. మధ్యదానికి తెలుపు ఎక్కువ, ప్రష్యన్ బ్లూ ఆవగింజలో సగం. అడుగుదానికి తెలుపు, నేపుల్స్ ఎల్లో, వాటిలో మధ్యకుప్ప కొంచెం. అడుగునుంచి పైకి వేయండి. వెడల్పు కుంచెతో వాలుగా, గీతలు ఒకదాని మీద ఒకటి పడేలా. హద్దులు రుద్ది రుద్ది కలిపేయొద్దు. కుంచె జాడ కనపడితే గాలి ఆడుతున్నట్టు ఉంటుంది, మెత్తగా రుద్దేస్తే పెళ్లి ఫొటో వెనక కట్టిన పరదాలా ఉంటుంది.

మబ్బులుంటే అదృష్టమే, కాకపోతే అవి కదిలిపోతాయి. ఒక మబ్బును ఎంచుకుని ఒక నిమిషం పూర్తిగా చూడండి. తర్వాత ఇక దాన్ని చూడకుండా వేయండి. రోక్కా ది పాపా స్కెచ్‌లో మబ్బు అలా నిలబడి పోజిచ్చి ఉండదు కదా. మబ్బుకు పైన వెలుగు, కింద నీడ. ఆ నీడ నలుపుతో కలపొద్దు. ఆకాశపు మధ్యకుప్పలో ఇండియన్ రెడ్, ఓకర్ చుక్కంత వేస్తే వచ్చే బూడిదరంగు సరిపోతుంది. ఇంకోటి, మబ్బు అంచున స్వచ్ఛమైన తెలుపు పెట్టకండి. అది ఇప్పుడే ఖర్చుచేస్తే ఎండ పడ్డ గోడకు ఏం మిగలదు.

ఈ అరగంట అయ్యాక కాగితం సగం ఖాళీగా ఉంటుంది, గుండె దడగా ఉంటుంది. టెన్షన్ పడొద్దు. కష్టమైన పని అయిపోయింది.

తర్వాతి నలభై నిమిషాలు: వెనక నుంచి ముందుకు

దూరపు అంచెకు కొత్త రంగు కలపకండి. ఆకాశం అడుగు కుప్పలో కొంచెం తీసుకుని, అందులో అల్ట్రామెరైన్, ఇండియన్ రెడ్ కలిపి ఒక మెట్టు ముదురు చేయండి. అదే మీ దూరపు కొండ, కొండ లేకపోతే దూరపు అపార్టుమెంటు. మధ్యలో ఉన్న గాలి, తేమ, దుమ్ము దాన్ని నీలంగా, లేతగా చేస్తాయి. వెలుగు నీడల తేడా కూడా అక్కడ తగ్గిపోతుంది. కంపాన్యా మైదానం మీద ఉదయం పూట లేచే మంచుతెర ఇటలీ వెళ్లిన చిత్రకారులందరికీ ఇష్టమైన సరుకు. ఫ్రెంచివాళ్ల కంటే ముందే లొరెన్‌లో పుట్టి రోములో స్థిరపడిన క్లోద్ లొరేన్ 17వ శతాబ్దంలో దాని మీదే జీవితం గడిపాడు. మన ఊళ్లో ఆ పని దుమ్ము చేస్తుంది, రంగు కాస్త పసుపు తిరుగుతుంది.

నడిమి అంచెలో చెట్లు వస్తాయి. అందరూ దెబ్బతినేది ఇక్కడే, నేనూ మినహాయింపు కాదు. చెట్టు ఆకుపచ్చ అని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం కాబట్టి ఆకుపచ్చ ట్యూబు పిండుతాం, చెట్టు ప్లాస్టిక్ బకెట్‌లా తయారవుతుంది. కిటికీ అట్టలోంచి చూసి చెట్టును దాని వెనకున్న ఆకాశంతో పోల్చండి. అందులో ఎంత పసుపుందో, ఎంత గోధుమరంగుందో, ఎంత బూడిదుందో అప్పుడు తెలుస్తుంది. ట్యూబు లేకపోతే కలుపుకోక తప్పదు, కలుపుకుంటే చూడక తప్పదు.

నాకు పనికొచ్చే మిశ్రమాలు ఇవి. ఎండ పడ్డ ఆకులకు ఎల్లో ఓకర్‌లో ప్రష్యన్ బ్లూ చాలా కొద్దిగా, పైన నేపుల్స్ ఎల్లో. నీడ ఆకులకు రా సియెన్నా, అల్ట్రామెరైన్. ఎండిన చింతచెట్టు లాంటి మాసిన పచ్చకు ఐవరీ బ్లాక్, ఓకర్. నలుపూ పసుపూ కలిస్తే పచ్చ వస్తుందంటే నమ్మరు, కలిపి చూడండి. దూరపు చెట్లకు వీటిలో ఏదో ఒకటి తీసుకుని ఆకాశపు కుప్పతో మాసిపోయేలా చేయండి. మొత్తం చెట్టును ముందు ఒక ముదురు ముద్దగా పెట్టి, దాని మీద వెలుగు పడ్డ గుంపులు రెండో మూడో వేసి, చివరగా ఆకాశపు రంగుతో రెండు మూడు కన్నాలు పెట్టండి. పిట్ట ఎగిరిపోగలిగే కన్నాలు అన్నమాట. ఫర్నేస్ విల్లా పాప్లర్లను మళ్లీ చూస్తే చెట్టుకు ఆకాశం ఎంత దగ్గరి చుట్టమో తెలుస్తుంది.

చివరి నలభై నిమిషాలు: గోడలు, ముందుభాగం

ఇప్పుడు ఎండ పడ్డ గోడ. దాచుకున్న తెలుపు ఇక్కడ తీయండి, చిటికెడు నేపుల్స్ ఎల్లో కలిపి, కుంచె నిండా, మందంగా. నీడవైపు పలచగా, కాగితపు జేగురు కాస్త కనపడేలా. వెలుగు మందం, నీడ పలచన అన్నది నూనెరంగుల్లో చాలా పాత సూత్రం, ఇప్పటికీ పనిచేస్తోంది. నీడ గోడలో కిందిభాగం పైభాగం కంటే వెచ్చగా ఉంటుంది, ఎందుకంటే ఎండ పడ్డ నేల దాని మీదికి వెలుతురు విసురుతుంది. గోడను ఈ తేడాయే నిలబెడుతుంది. పెంకులో ఇటుకలో ఉంటే రంగు మారే చోట నాలుగైదు మచ్చలు పెట్టి వదిలేయండి.

ముందుభాగానికి ఎక్కువ సమయం ఇవ్వొద్దు. నాలుగు వెడల్పు గీతలు చాలు. సన్న కుంచె ఇప్పుడు తీయొచ్చు: ఒక కిటికీ చీకటి, ఒక పిట్టగోడ అంచు, ఆరేసిన ఒక బట్ట. ఒక్కొక్కటే. తీగలు మాత్రం వేయొద్దంటాను. నచ్చకపోతే వేసుకోండి.

టైమర్ మోగితే కుంచె కింద పెట్టండి

వాక్యం మధ్యలో ఆగినట్టు ఉంటుంది, తెలుసు. ఒక మూల నిండలేదు, చెట్టు ఎడమపక్క వంకరగా ఉంది. ఇంటికెళ్లి సరిచేద్దాం అనిపిస్తుంది. చేయకండి. ఇంట్లో మీ ముందు ఆ వెలుతురు ఉండదు, కాబట్టి సరిచేసేది మీ ఊహ. చూసిందీ ఊహించిందీ ఒకే కాగితం మీద కలిసిపోతే తర్వాత విడదీయలేరు.

శుభ్రం చేసేటప్పుడు ఒక జాగ్రత్త, ఇది సరదాకు చెప్పేది కాదు. అవిసె నూనె పట్టిన పేలికలను ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో తడిపి మూతున్న రేకు డబ్బాలో వేయండి. స్పిరిట్‌ను సింకులో పారబోయకుండా సీసాలో నిలవుంచితే రంగు అడుక్కి దిగుతుంది, పైది మళ్లీ వాడుకోవచ్చు. స్కెచ్‌ను దుమ్ము పడని చోట అయిదారు రోజులు ఆరనివ్వండి. వానాకాలమైతే ఇంకాస్త.

అదే చోటికి మళ్లీ

రెండు రోజుల్లోపు, ఆకాశం దాదాపు అలాగే ఉన్నప్పుడు, అదే కుర్చీ, అదే చోటు, అదే అట్టకిటికీ. వేళ మాత్రం వేరు. మొదటిది ఉదయమైతే ఇది సాయంత్రం. మొదటి స్కెచ్ వెంట తీసుకెళ్లకండి. చూసి వేస్తే అదే మళ్లీ వస్తుంది.

ఈసారి గీత అయిదు నిమిషాల్లో అయిపోతుంది, ఎందుకంటే చోటు చేతికి తెలుసు. మిగిలిన బుద్ధంతా రంగు మీద పెట్టొచ్చు. ఉదయం మెరిసిన గోడ ఇప్పుడు ఆకాశం కంటే ముదురుగా ఉంటుంది. ఉదయం ముద్దలా ఉన్న చెట్టు ఇప్పుడు రెండుగా విడిపోతుంది. రెండూ ఆరాక పక్కపక్కన గోడకు తగిలించి కళ్లు సగం మూసి చూడండి, మొదట్లో రాసుకున్న అంకెల వరుసను మళ్లీ వేయండి. వరుస మారి ఉండాలి. మారకపోతే రెండోసారి మీరు గోడను చూడలేదు, గుర్తున్నదాన్నే వేశారు.

స్టూడియో పని, మూడో కాగితం

వాలెన్సియెన్‌కు అసలు పని ఇక్కడి నుంచి మొదలయ్యేది. 1787లో ఆయన్ను రాజకళా అకాడెమీలో చేర్పించిన చిత్రంలో రోమన్ వక్త సిసెరో పొదలు తొలగించి గ్రీకు గణితవేత్త ఆర్కిమెడీస్ సమాధిని కనుక్కుంటాడు. అది ఇప్పుడు తులూజ్‌లో ఉంది. కథ పుస్తకంలోంచి వచ్చింది. దానికి నమ్మదగిన చెట్టు, కొండ, ఆకాశం కావాలంటే ఇలాంటి కాగితాల సాధన ఉండాలి. అలాంటి చారిత్రక ప్రకృతి దృశ్యాలకు 1816లో ప్రత్యేకంగా రోము బహుమతి (గెలిచిన యువ చిత్రకారుణ్ణి రోముకు పంపి చదివించే ఫ్రెంచి బహుమతి) ఏర్పాటైంది, 1817లో మొదటిది ఆయన శిష్యుడు మిషాలోన్‌కు దక్కింది. మిషాలోన్ దగ్గర కొద్దికాలం చదువుకున్న, తర్వాత ప్రకృతి దృశ్యాలకు పేరుపడ్డ ఫ్రెంచి చిత్రకారుడు కొరో 1825లో ఇటలీ వెళ్లి ఆరుబయట కాగితాలు పరిచాడు. కొరో స్కెచ్‌లు చూస్తే ఈ పాఠం ఎక్కడిదాకా వెళ్లిందో అర్థమవుతుంది.

మనకు సిసెరో అక్కర్లేదు గాని, ఆయన చెప్పిన ఇంకో అభ్యాసం అక్కరకొస్తుంది: జ్ఞాపకం నుంచి వేయడం. జంట స్కెచ్‌లు ఆరాక వాటిని బీరువాలో పెట్టేయండి. మూడు రోజుల తర్వాత మూడో కాగితం మీద అదే చోటును, ఈసారి మీకు నచ్చిన వేళలో, ఏదీ చూడకుండా గంటలో వేయండి. తర్వాత మూడూ బయటికి తీసి పక్కపక్కన పెట్టండి. మూడోదాంట్లో ఎక్కడ చెట్టు మళ్లీ ప్లాస్టిక్ పచ్చ అయిందో, ఎక్కడ ఆకాశం ఒకే నీలమైందో, అక్కడ మీరు ఇంకా సరిగ్గా చూడలేదన్నమాట. తర్వాత డాబా ఎక్కినప్పుడు ముందు ఆ ముక్కనే చూడండి.

ప్రతి కాగితం వెనకా చోటు, తేదీ, మొదలుపెట్టిన గంట, ఆపిన గంట రాయడం మర్చిపోకండి. పెన్సిల్‌తోనే రాయండి. బాల్‌పెన్ ఇంకు నూనె తగిలితే పాకుతుంది.